నల్లబడిన వాల్‌నట్ కాయ పాడైనట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయి లండన్ నుంచి వస్తూ పికిల్డ్ వాల్‌నట్స్ సీసా తెచ్చాడు. మూత తీస్తే కాయలు నల్లగా, మెత్తగా ఉన్నాయి, నూనె లేదు, కారం లేదు. పాడైపోయిందా? మన జీడిగింజలతో ఇలాంటిది పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: పారేయకండమ్మా, దాని రంగే అది. కొట్లో దొరికే ఎండు పప్పు కాదది, పైతొక్కతో సహా ఊరబెట్టిన లేత కాయ. ఇంగ్లండులో జూన్ ఆఖర్లో, జూలై మొదట్లో, లోపల పెంకు గట్టిపడకముందే కోస్తారు. సూది గుచ్చితే ఎక్కడా అడ్డం తగలకుండా దిగాలి, తగిలిందా ఆ కాయ పనికిరాదు. ఆవకాయకి మనం టెంక పట్టిన కాయ కోసం వెతుకుతాం, వాళ్ళది అందుకు పూర్తిగా వ్యతిరేకం. కాయ నిండా ఫోర్కుతో పొడిచి, వారం రోజులో ఇంకాస్త ఎక్కువో ఉప్పునీళ్ళలో నానేసి, మధ్యలో నీళ్ళు మార్చి, తర్వాత పళ్ళెంలో పరిచి గాలికీ ఎండకీ పెడితే ఆకుపచ్చ కాయ కాస్తా నల్లబడిపోతుంది. పొడిచేటప్పుడు కారే రసం చేతికంటితే రోజుల తరబడి మరక వదలదు, అందుకే గ్లౌజులు వేసుకుంటారు. ఆపైన పంచదార, మిరియాలు, లవంగాలు, అల్లం వేసి మరిగించిన వెనిగర్ పోసి వారాల పాటు ఊరనిస్తారు.

నూనె లేకపోయినా నిలవుండేది ఆ వెనిగర్ వల్లే. కాయలు అందులో మునిగే ఉండాలి. మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టి, తడిలేని చెంచా వాడండి. బూజు కనిపిస్తే మాత్రం పారేయండి. నట్స్ ఎలర్జీ ఉన్నవాళ్ళకి అసలు పెట్టొద్దు.

అన్నంలో కలుపుకుంటే బాగుండదు, పులుపూ తీపీ తప్ప కారమే ఉండదు. అక్కడ చీజ్‌తో, చల్లారిన మాంసంతో తింటారు, క్రిస్మస్‌కి మరీను. మటన్ కూర దించే ముందు ఒక కాయ చిదిమి వేసి చూడండి, బాగుంటుంది.

ఇక జీడిపప్పుకి పేరున్న మోరి ఊరు మీకు దగ్గరే కదా అని పచ్చి జీడిగింజల్ని తొక్కతో ఊరబెట్టకండి, దయచేసి. ఆ తొక్కలో నూనె తగిలితేనే ఒళ్ళు పొక్కుతుంది, నోట్లో పడితే మరీ ప్రమాదం, ఉప్పునీళ్ళలో నానేసినా పోదు. అంతగా సరదా ఉంటే టెంక పట్టని మామిడి పిందెలు తీసుకుని, తొడిమ తుంచి, సొన పూర్తిగా కారనిచ్చి, కడిగి ఇదే పద్ధతిలో పెట్టండి. వాల్‌నట్ రుచి రాదు గానీ చీజ్ పక్కన చక్కగా ఉంటుంది.