క్వార్టర్‌బ్యాక్ ఆడితే కాలేజీ కోచ్ అయిపోతారా?

డాలస్ పక్కన ఫ్రిస్కో నుంచి ఒక నాన్నగారు అడిగారు: అబ్బాయి లెవెన్త్ గ్రేడ్, స్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్ (అంటే బంతి విసిరి టీమ్‌ని నడిపించే ఆటగాడికి బదులు దిగేవాడు), కంప్యూటర్ సైన్స్ వద్దు కాలేజీ కోచ్ అవుతా, పేరున్న కోచ్ జిమ్ హార్బా కూడా ఒకప్పుడు క్వార్టర్‌బ్యాకే కదా అంటున్నాడట, ఏం చెయ్యాలి అని.

సార్, మీవాడు పట్టుకున్న మనిషి సరైనవాడే, కాకపోతే కథ చివరి నుంచి చూస్తున్నాడు. హార్బా మామూలు ప్లేయర్ కాదు, మిషిగన్ యూనివర్సిటీ స్టార్, 1986లో కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ ఓటింగ్‌లో మూడోవాడు, 1987లో ఎన్ఎఫ్ఎల్ (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) టీమ్ షికాగో బేర్స్ వాళ్ళు కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లోనే తీసుకున్నారు. అంత పేరున్నోడు ఎన్ఎఫ్ఎల్‌లో ఆడుతూనే 1994 నుంచి వాళ్ళ నాన్న జాక్ హెడ్ కోచ్‌గా ఉన్న వెస్టర్న్ కెంటకీలో జీతం లేని అసిస్టెంట్‌గా చేరి రిక్రూటింగ్ పని చేశాడు. ఆట మానేశాక ఎన్ఎఫ్ఎల్ టీమ్ ఓక్లాండ్ రైడర్స్‌లో రెండేళ్ళు అసిస్టెంట్. 2004లో హెడ్ కోచ్ అయ్యాడు కానీ ఎక్కడ, యూనివర్సిటీ ఆఫ్ శాన్ డియేగోలో, అక్కడ ఫుట్‌బాల్‌కి స్కాలర్‌షిప్పులే ఉండవు. తర్వాత స్టాన్‌ఫర్డ్, అదీ ముందు సీజన్ 1-11తో (ఒక గెలుపు, 11 ఓటములు) మునిగిపోయిన టీమ్, మొదటి ఏడు 4-8, నాలుగో ఏడు 12-1. మిషిగన్‌కి 2015లో వచ్చి నేషనల్ చాంపియన్ అయ్యింది 2023 సీజన్‌లో, ఆ వెంటనే మళ్ళీ ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్ళిపోయాడు.

స్టార్ అయితే చాలు అనుకుంటే స్కాట్ ఫ్రాస్ట్‌ని కూడా చూడమనండి. నెబ్రాస్కా 1997 చాంపియన్ టీమ్ క్వార్టర్‌బ్యాక్, యూసీఎఫ్ (యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ ఫ్లోరిడా) కోచ్‌గా 2017లో 13-0, సొంత యూనివర్సిటీకి హెడ్ కోచ్‌గా వస్తే ఊరంతా పండగే. 16 గెలుపులు, 31 ఓటములు, 2022 సెప్టెంబర్‌లో పంపించేశారు. ఆయనకి కాంట్రాక్టు ప్రకారం కోట్ల డాలర్లు వచ్చాయి సరే, హెడ్ కోచ్ పోతే కింద అసిస్టెంట్లు కూడా చాలాసార్లు పెట్టేబేడా సర్దుకోవాల్సిందే, వాళ్ళకి అంత డబ్బు రాదు. పిల్లల స్కూళ్ళు మార్చుకుంటూ ఊళ్ళు తిరిగే ఉద్యోగం ఇది, మన ఇళ్ళల్లో ఈ విషయం ముందే మాట్లాడుకోవాలి.

బ్యాకప్ అని మాత్రం దిగులు పడకండి. లింకన్ రైలీది మీ టెక్సాస్‌లోనే మ్యూల్‌షూ అనే చిన్న ఊరు, టెక్సాస్ టెక్‌లో స్కాలర్‌షిప్ లేకుండా క్వార్టర్‌బ్యాక్‌గా చేరి, 2003లో ఆట వదిలేసి అక్కడి హెడ్ కోచ్ మైక్ లీచ్ దగ్గర స్టూడెంట్ అసిస్టెంట్ అయ్యాడు, 2017లో ఓక్లహోమా హెడ్ కోచ్ అయ్యేసరికి 33 ఏళ్ళు. ఆ లీచ్ అయితే కాలేజీలో ఫుట్‌బాలే ఆడలేదు, లా చదివాడు!

దారి ఎలా ఉంటుందంటే, డిగ్రీలో స్టూడెంట్ అసిస్టెంట్, తర్వాత మాస్టర్స్ చేస్తూ గ్రాడ్యుయేట్ అసిస్టెంట్. చేతికొచ్చేది కాస్త స్టైపెండ్, చాలాచోట్ల ఫీజు మాఫీ. పని చూస్తే ఆశ్చర్యపోతారు, ఎదుటి టీమ్ వీడియో ముందు కూర్చుని ఒక్కో ప్లే ఏ డౌన్‌లో (ఎన్నో ప్రయత్నంలో), ఇంకా ఎన్ని యార్డులుండగా, ఏ ఫార్మేషన్‌లో (ఆటగాళ్ళు ఎలా నిలబడి) ఆడారో కంప్యూటర్‌లో ఎక్కించాలి, ఆ ప్లేలు కార్డుల మీద గీసి మర్నాడు ప్రాక్టీస్‌లో మనవాళ్ళకి ఎత్తి చూపించాలి. గంటలు లెక్కపెట్టుకుంటే కుదరదు.

కాబట్టి డిగ్రీ వదలొద్దు. నా ఓటు మ్యాథ్స్‌కి, ఎందుకంటే టెక్సాస్ పబ్లిక్ హైస్కూళ్ళల్లో కోచ్‌లు ఎక్కువమంది క్లాసులు కూడా చెప్తారు, కాలేజీలో కుదరకపోయినా మ్యాథ్స్ టీచర్ కమ్ కోచ్ అంటే బతుకు సాగిపోతుంది. కంప్యూటర్ సైన్స్ చదివినా నష్టం లేదు, ఇప్పుడు టీమ్‌లు డేటా వాళ్ళని కూడా పెట్టుకుంటున్నాయి. అబ్బాయి హెచ్-4 (మీ వీసా మీద వచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉంటే జీతం తీసుకునే పని కుదరదు, 21 నిండేలోపు స్టేటస్ సంగతి లాయర్‌తో మాట్లాడండి.

ఈ సీజన్‌లో వాళ్ళ కోచ్‌ని అడిగి ఒక ప్రత్యర్థి టీమ్ వీడియో మొత్తం తనే విడగొట్టి రాసివ్వమనండి. రెండో వారం కూడా అడగకుండానే కూర్చుంటే అప్పుడు కాలేజీల లిస్టు వేద్దాం, నాకు మళ్ళీ రాయండి.