నార్ఫోక్ తీరంలో దిగేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఆస్ట్రేలియాకు తూర్పున పసిఫిక్‌లో ఉన్న నార్ఫోక్ దీవిలోని కింగ్‌స్టన్‌కు, మునిగిన ఓడల అవశేషాల సర్వేకి వెళ్తున్నావు కదా, ఒక్క మాట ముందే చెబుతాను. ఆ రీఫ్ (తీరం దగ్గరి పగడపు దిబ్బ) మీద కనబడ్డ ప్రతి ఇనుప ముక్కా సిరియస్ ఓడదే అనుకోకు. 1790 మార్చి 19న బ్రిటిష్ నౌకాదళ ఓడ సిరియస్ అక్కడ బద్దలైన మాట నిజమే. కానీ ఆ ఊరికి రేవంటూ లేదు. ఓడలు దూరంగా ఆగేవి, సరుకంతా చిన్న పడవల్లో అలలు దాటుకుని ఒడ్డుకు రావాలి. 1788 నుంచి 1814 దాకా, మళ్లీ 1825 నుంచి 1855 దాకా అది బ్రిటిష్ ఖైదీల స్థావరం. 1856లో పిట్‌కెయిర్న్ అనే మరో పసిఫిక్ దీవి వాళ్లొచ్చి స్థిరపడ్డారు. ఇన్నేళ్ల రాకపోకల్లో జారిపడినవన్నీ అడుగునే ఉన్నాయి. రాగి మేకు మీద బాణం గుర్తుంటే అది బ్రిటిష్ సర్కారు సొత్తని మాత్రమే అర్థం. ఖైదీల సరంజామా మీదా అదే గుర్తు.

కనుక వస్తువు కంటే చోటు ముఖ్యం. అక్కడ మట్టి పొరలుండవు. బరువైనవి చీలికల్లో ఇరుక్కుంటాయి, తేలికవి కొట్టుకుపోతాయి. చీలిక ఏ దిక్కుగా ఉంది, ఎంత లోతు, పక్కనేముంది, అన్నీ రాసుకో. టేపు అలల తాకిడికి విల్లులా వంగి కొలత ఎక్కువ చూపిస్తుంది. అందుకే మూడు స్థిర బిందువుల నుంచి కొలత తీసుకో. మూడూ ఒకచోట కలవకపోతే మళ్లీ కొలవాల్సిందే. లంగరుకు కాడ, చేతులు, రింగు కొలతలు విడివిడిగా రాసుకో, మీద గట్టిపడ్డ పెంకు మందం కూడా.

ఆ పెంకు పగలగొట్టి చూడాలనిపిస్తుంది. వద్దు నాయనా. కింద పోత ఇనుము బొగ్గులా నల్లగా, కత్తికి తెగేంత మెత్తగా ఉంటుంది. ఫిరంగి అసలు రూపు, దాని మీది గుర్తులు మిగిలేది ఆ పొరలోనే. ఆరనిచ్చావంటే లోపలి ఉప్పు పైకి తన్ని నారింజ రంగు చెమటబొట్లు పడతాయి, తర్వాత పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది.

ఆ ఉప్పు దిగేలా నానబెట్టే తొట్టి సిద్ధంగా లేనిదే ఏదీ పైకి తేవద్దు. లీటరుకు 20 గ్రాముల కాస్టిక్ సోడా, అంటే 200 లీటర్లకు 4 కిలోలు. సోడానే నీళ్లలో కొద్దికొద్దిగా వెయ్యి. సోడా మీద నీళ్లు పోస్తే సలసల కాగి మొహాన చిమ్ముతుంది. ప్లాస్టిక్ తొట్టే వాడు, అల్యూమినియాన్ని సోడా తినేస్తుంది. రాగి వస్తువులకు వేరే తొట్టి. నీళ్లలోకి దిగిన క్లోరైడ్‌ను, అంటే ఉప్పును, కొలుస్తూ, పెరగడం ఆగేదాకా ద్రావణం మార్చాలి. ఫిరంగికైతే ఏళ్లు పడుతుంది. అన్నేళ్ల ఖర్చు ఎవరు భరిస్తారో కాగితం మీద తేలేదాకా దాన్ని సముద్రంలోనే ఉండనీ.