ఆ లెగో సెట్టు హైదరాబాద్‌లో ఎందుకు దొరకడం లేదంటే

మేనల్లుడి పుట్టినరోజుకు కావలసిన లెగో సెట్టు (ముక్కలు కలిపి కట్టే బొమ్మ) ఇనార్బిట్ మాల్‌లోనూ, కొండాపూర్ శరత్ సిటీ మాల్‌లోనూ లేదని, ఆన్‌లైన్‌లో ఒకరు రెట్టింపు ధర చెబుతున్నారని మీరు రాశారు. దయచేసి ఆ ధరకు కొనకండి. స్టాకు అయిపోయిందని కంగారుపడాల్సిన పని లేదు. కొన్ని సెట్లను కంపెనీ తన సొంత దుకాణాలకో, ఒప్పందం ఉన్న ఏదో ఒక పెద్ద దుకాణానికో మాత్రమే ఇస్తుంది. వాటిలో కొన్ని గడువు ముగిశాక మిగతా చోట్లకూ వస్తాయి.

పెట్టె ముందువైపు వయసు, ముక్కల సంఖ్యతో పాటు సెట్టు నంబరు ఉంటుంది. పేరు చెబితే షాపువాళ్లు దానికి దగ్గరగా ఉన్నదేదో తీసి చూపిస్తారు. ఆ నంబరే చెప్పి, కంప్యూటర్‌లో చూడమనండి. లెగో సైట్‌లోనూ దానితోనే వెతకండి, ‘ఎక్స్‌క్లూజివ్’ (అంటే కొన్ని దుకాణాలకే ఇచ్చేది) అని ఉంటే ఊరంతా తిరిగే శ్రమ తప్పుతుంది. హామ్లీస్ బొమ్మల దుకాణానికి వెళ్లేముందు ఫోను చేయండి.

ఆన్‌లైన్‌లోనే కొంటే పెట్టె వెనుక ఫోటో అడగండి. దిగుమతిదారు చిరునామా, ఎంఆర్‌పీ ఉన్న స్టిక్కరు కనిపించాలి. ఎంఆర్‌పీ కంటే ఎక్కువకు అమ్మడం చట్టవిరుద్ధం. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు కూడా తప్పనిసరి. ఇవి చూపించలేనివారి దగ్గర కొనవద్దనే నా గట్టి సలహా. పుట్టినరోజు దగ్గర పడితే అదే సిరీస్‌లో దొరికే మరో సెట్టు ఇవ్వండి, అడిగినది తర్వాత దొరికితే పిల్లవాడు రెండూ కట్టుకుంటాడు.