ప్యాక్-12 ఆఖరి సీజన్: మీ ప్రశ్నలకి జవాబులు

పోయిన సంచికలో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించి రాస్తూ 2023లో ప్యాక్-12 కాన్ఫరెన్స్ చెదిరిపోయిందని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశా, దాని మీదే ఎక్కువ ప్రశ్నలొచ్చాయి. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: అది ఆడలేక పోయిన కాన్ఫరెన్స్ కాదు, చాలా ఏళ్ళ తర్వాత అంత బాగా ఆడిన ఏడాదే ముక్కలైపోయింది, నాకు బాధంతా అక్కడే.

ప్రశ్న: మా అబ్బాయి సియాటిల్‌లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో చదువుతున్నాడు. 2023 సీజన్ గురించి వాడూ వాడి ఫ్రెండ్స్ ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు, నాకేమో ముక్క అర్థం కాదు. అసలు కాన్ఫరెన్స్ అంటే ఏంటండీ?

జవాబు: కొన్ని యూనివర్సిటీలు కలిసి పెట్టుకున్న లీగ్ అండి. ఎక్కువ మ్యాచ్‌లు వాళ్ళలో వాళ్ళే ఆడుకుంటారు, టీవీ హక్కులు కలిపి అమ్ముకుని వచ్చిన డబ్బు పంచుకుంటారు. ఈ రెండో ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. ప్యాక్-12 మొదలైంది 1915 డిసెంబర్‌లో, పోర్ట్‌లాండ్‌లోని ఒక హోటల్లో. అప్పుడు నాలుగే స్కూళ్ళు (అక్కడ యూనివర్సిటీలనే అలా అంటారు): క్యాల్ (బర్కలీలోని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా), వాషింగ్టన్, ఒరెగాన్, ఇవాళ మనం ఒరెగాన్ స్టేట్ అంటున్న కాలేజీ. మధ్యలో పేర్లు చాలాసార్లు మారాయి, 1959లో పాతది రద్దయి ఇంకో పేరుతో మళ్ళీ లేచింది, 1978లో రెండు అరిజోనా స్కూళ్ళు వచ్చి ప్యాక్-10 అయింది, 2011లో కొలరాడో, యూటా చేరాక పన్నెండు.

2023లో ఒక్కో టీమ్ 12 మ్యాచ్‌లు ఆడింది, అందులో 9 కాన్ఫరెన్స్‌లో వాళ్ళతోనే. టాప్‌లో ఉన్న ఇద్దరు లాస్ వేగాస్‌లో ఫైనల్ ఆడాలి. మీ అబ్బాయి వాళ్ళ టీమ్ 12కి 12 గెలిచి ఆ ఫైనల్‌కి వెళ్ళింది, అక్కడా గెలిచింది. మరి కథలు చెప్పుకోకుండా ఎలా ఉంటారు!

ప్రశ్న: ప్యాక్-12 ఆట పడిపోయింది, చూసేవాళ్ళు లేరు, అందుకే మూతపడింది అని మా ఆఫీస్‌లో టెక్సస్ వాళ్ళు అంటుంటారు. నిజమేనా?

జవాబు: సగం కూడా నిజం కాదు. 2016లో వాషింగ్టన్ ప్లేఆఫ్‌కి (నేషనల్ ఛాంపియన్ ఎవరో తేల్చడానికి అప్పట్లో టాప్ నాలుగు టీమ్‌లు ఆడే నాకౌట్) వెళ్ళాక మళ్ళీ ఈ కాన్ఫరెన్స్ నుంచి 2023 దాకా ఎవరూ వెళ్ళలేదు, అది ఒప్పుకోవాల్సిందే. పడమటి తీరంలో రాత్రి ఏడున్నరకి మ్యాచ్ మొదలైతే న్యూయార్క్‌లో పదిన్నర, అక్కడివాళ్ళు పడుకుంటారు, అదీ నిజమే. కానీ 2023 చూడండి. మొదటి వారం అయ్యేసరికి ఈ 12 టీమ్‌లు కలిపి 13 మ్యాచ్‌లు ఆడితే 13కి 13 గెలిచాయి. సెప్టెంబర్‌లో ఏపీ టాప్ 25 లిస్టులో (దేశంలోని టీమ్‌లకి జర్నలిస్టులు వారం వారం ఇచ్చే ర్యాంకులు) ఒకేసారి ఎనిమిది ప్యాక్-12 టీమ్‌లున్నాయి. ఆ ఏడాది హైస్‌మన్ అవార్డ్ (కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏడాది బెస్ట్ ఆటగాడికి ఇచ్చేది) లూసియానా స్టేట్ (ఎల్ఎస్‌యూ) కుర్రాడు జేడెన్ డేనియల్స్‌కి వెళ్ళింది కానీ రెండో స్థానం వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ (బాల్ విసిరి ఆట నడిపించేవాడు) మైకేల్ పెనిక్స్ ది, మూడోది ఒరెగాన్ క్వార్టర్‌బ్యాక్ బో నిక్స్ ది. అంతకుముందు ఏడాది హైస్‌మన్ గెల్చుకున్న కేలెబ్ విలియమ్స్ లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీలో ఆడుతూనే ఉన్నాడు. ఇంతమంది క్వార్టర్‌బ్యాక్‌లు ఒకే కాన్ఫరెన్స్‌లో ఉంటే ఆట పడిపోయిందని ఎలా అంటారండీ, మీ ఆఫీస్ వాళ్ళకి షుగర్ బౌల్‌లో (ఆ ఏడాది ప్లేఆఫ్ సెమీఫైనల్) టెక్సస్‌కి ఏమైందో కూడా గుర్తుచేయండి, కింద చెప్తా.

ప్రశ్న: మరి అంత బాగుంటే 10 స్కూళ్ళు ఎందుకు వెళ్ళిపోయాయి? ఎవరు మొదలుపెట్టారు?

జవాబు: మొదలుపెట్టింది లాస్ ఏంజెలెస్ వాళ్ళే. 2022 జూన్ 30న యూఎస్‌సీ, యూసీఎల్ఏ బిగ్ టెన్‌కి వెళ్ళిపోతున్నామని ప్రకటించాయి. బిగ్ టెన్ అంటే ఒహాయో స్టేట్, మిషిగన్ వాళ్ళ లీగ్, ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్ళకి 7 బిలియన్ డాలర్ల పైన టీవీ ఒప్పందం. లాస్ ఏంజెలెస్ మార్కెట్ పోయాక ప్యాక్-12 అమ్ముకోవడానికి మిగిలింది తగ్గిపోయింది.

అక్కడి నుంచీ ఏడాదికి పైగా ఒప్పందం ఇదిగో అదిగో అంటూ నడిచింది. ఈలోపు బిగ్ 12 కాన్ఫరెన్స్ తెలివిగా 2022 అక్టోబర్‌లోనే ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌లతో తన ఒప్పందం పొడిగించేసుకుంది, స్కూల్‌కి ఏడాదికి 30 మిలియన్ డాలర్ల పైన. ప్యాక్-12 వాళ్ళు ముందే తగిన ధరకి ఒప్పుకుని ఉంటే బతికేదని నా గట్టి నమ్మకం, అడిగింది ఎక్కువ, ఆగింది ఇంకా ఎక్కువ. చివరికి చేతికొచ్చింది యాపిల్ ఆఫర్, మ్యాచ్‌లు ఎక్కువగా స్ట్రీమింగ్‌లోనే, సబ్‌స్క్రైబర్లు పెరిగితే డబ్బు పెరుగుతుంది, పెరగకపోతే లేదు. 2023 జూలై చివర్లో కొలరాడో బిగ్ 12కి వెళ్ళిపోయింది. ఆగస్ట్ 4 పొద్దున మిగిలిన వాళ్ళంతా సంతకాలు పెడతారనుకున్నారు, పెట్టలేదు, సాయంత్రానికి ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కి, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కి. ఒక్క రోజులో ఐదుగురు! సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, క్యాల్ అట్లాంటిక్ తీరం కాన్ఫరెన్స్ ఏసీసీలో చేరాయి, పసిఫిక్ పక్కనున్న స్కూళ్ళు. అదీ మొదటి తొమ్మిదేళ్ళు పూర్తి వాటా కూడా రాదు.

అంటే చూడండి, సీజన్ మొదలయ్యే టైముకే అందరూ విడిపోవడం ఖాయం. ఆ కుర్రాళ్ళు తమ ఇల్లు అమ్ముడైపోయిందని తెలిసి కూడా ఆ ఇంట్లోనే ఏడాదంతా పండగ చేశారు.

ప్రశ్న: అక్టోబర్ 14 వాషింగ్టన్, ఒరెగాన్ మ్యాచ్‌లో ఒరెగాన్ కోచ్ డాన్ లానింగ్ ఫోర్త్ డౌన్‌లో పంట్ కొట్టకుండా ఆడి మ్యాచ్ పోగొట్టాడని నా వాదన. మా బావమరిది ఒప్పుకోడు. తీర్పు చెప్పండి.

జవాబు: మీ బావమరిదే రైట్ అండి, సగం వరకు. తెలియని వాళ్ళ కోసం: నాలుగు ఛాన్సుల్లో (ఒక్కో ఛాన్స్‌ని డౌన్ అంటారు) పది గజాలు ముందుకెళ్ళాలి, మూడు అయిపోయాక మామూలుగా బాల్‌ని దూరంగా తన్నేసి (అదే పంట్) అవతలివాళ్ళకి ఇచ్చేస్తారు, దగ్గర్లో ఉంటే ఫీల్డ్ గోల్ (బాల్‌ని గోల్ స్తంభాల మధ్యకి తన్నడం) కొట్టి మూడు పాయింట్లు తీసుకుంటారు. నాలుగోసారీ ఆడి ఫెయిలైతే బాల్ అక్కడికక్కడే అవతలివాళ్ళది.

వాషింగ్టన్ సొంత గ్రౌండ్ హస్కీ స్టేడియం, రెండు టీమ్‌లూ అప్పటిదాకా ఓడలేదు, ఒకరిది 7వ ర్యాంక్, ఒకరిది 8. రెండు నిమిషాల చిల్లర మిగిలుంది, ఒరెగాన్ 33-29 ముందుంది, బాల్ వాషింగ్టన్ గోల్ లైన్‌కి 47 గజాల దూరంలో, కావాల్సింది మూడే గజాలు. లానింగ్ ఆడమన్నాడు, నిక్స్ పాస్ అందలేదు. తర్వాత పెనిక్స్ వేసినవి రెండే రెండు బంతులు: జాలిన్ పోక్‌కి 35 గజాలు, రోమ్ ఒడూంజేకి 18 గజాలు, టచ్‌డౌన్ (బాల్ గోల్ లైన్ దాటించడం), ఇంకా 1:38 ఉండగా. 36-33. ఒరెగాన్ మళ్ళీ పరిగెత్తుకుంటూ వచ్చి ఆఖరి సెకనుకి 43 గజాల ఫీల్డ్ గోల్ కొడితే పక్కకి పోయింది.

ఆ నిర్ణయం తప్పు కాదంటాను. పెనిక్స్ లాంటోడికి బాల్ ఇస్తే ఎనభై గజాలైనా వస్తాడు, మూడు గజాలు తెచ్చుకుంటే మ్యాచ్ అక్కడితో అయిపోయినట్టే. తప్పు ముందు జరిగింది. హాఫ్‌టైమ్ ముందు ఒకసారి, మూడో క్వార్టర్‌లో ఒకసారి, రెండుసార్లు గోల్ లైన్ దగ్గర్లో ఉండి ఫీల్డ్ గోల్ వద్దనుకుని ఫోర్త్ డౌన్ ఆడి ఉత్త చేతులతో వెనక్కొచ్చాడు. హాఫ్‌టైమ్ ముందుది అయితే మరీ, టైమ్ అయిపోతోంది, మూడు పాయింట్లు ఎదురుగా ఉన్నాయి. చివరికి ఓడింది మూడు పాయింట్లతోనే. మ్యాచ్ అయ్యాక లానింగ్ తప్పంతా తన మీదే వేసుకున్నాడు, అది మాత్రం నచ్చింది నాకు.

వీళ్ళిద్దరే డిసెంబర్ 1న లాస్ వేగాస్‌లో ఫైనల్ కూడా ఆడారు. ముందు ఓడిన ఒరెగానే ఫేవరెట్ అన్నారు అందరూ, అదీ తొమ్మిది పాయింట్లకి పైగా తేడాతో గెలుస్తుందని! గెలిచింది వాషింగ్టన్, 34-31.

ప్రశ్న: కొలరాడో కోచ్ డియాన్ శాండర్స్ గురించి ఆ ఏడాది తెగ హడావిడి చేశారు, చివరికి ఏమైంది?

జవాబు: మొదటి మ్యాచ్‌లోనే టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) మీద 45-42 గెలిచారు, ఆ టీసీయూ అంతకుముందు సీజన్ నేషనల్ ఫైనల్ ఆడిన టీమ్. మూడుకి మూడు గెలిచాక దేశం మొత్తం కొలరాడో యూనివర్సిటీ ఊరు బౌల్డర్ వైపే చూసింది. తర్వాత ఒరెగాన్ వెళ్ళి 42-6తో ఓడారు, ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌తో సొంత గ్రౌండ్‌లో హాఫ్‌టైమ్‌కి 29-0 ముందుండి కూడా రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 46-43తో ఓడారు. సీజన్ 4-8తో (నాలుగు గెలిచి ఎనిమిది ఓడి) ముగిసింది. అయినా ఏడాది ముందు ఒక్కటే గెలిచిన టీమ్ అది, పూర్తిగా తీసిపారేయను. హడావిడి ఎక్కువైన మాట నిజం. నన్నడిగితే ఆ కెమెరాలన్నీ అరిజోనా మీద పెట్టాల్సింది, 2021లో 1-11తో ఉన్న టీమ్ 2023లో 10-3, నోవా ఫిఫీటా అనే కొత్త కుర్రాడు సీజన్ మధ్యలో క్వార్టర్‌బ్యాక్‌గా వచ్చి తిప్పేశాడు. దాని గురించి ఒక్క ప్రశ్న కూడా రాలేదు, అందుకే ఇక్కడ ఇరికించా.

ప్రశ్న: కేలెబ్ విలియమ్స్ ఉండి కూడా యూఎస్‌సీ ఎందుకు గెలవలేదు?

జవాబు: డిఫెన్స్ లేదు. వాషింగ్టన్‌తో మ్యాచ్‌లో 42 పాయింట్లు కొట్టి 52 ఇచ్చారు, మర్నాడే డిఫెన్స్ కోచ్‌ని తీసేశారు.

ప్రశ్న: మా చెల్లెలు పుల్‌మన్‌లో వాషింగ్టన్ స్టేట్‌లో చదివింది. మిగతా పదిమంది వెళ్ళిపోతే తన స్కూల్, ఒరెగాన్ స్టేట్ మాత్రం మిగిలిపోయాయని ఇప్పటికీ బాధపడుతుంది. వాళ్ళు ఆడలేకనా?

జవాబు: కానే కాదు అని మీ చెల్లెలికి చెప్పండి. పుల్‌మన్, ఒరెగాన్ స్టేట్ ఉన్న కొర్వాలిస్ చిన్న ఊళ్ళు, టీవీ వాళ్ళ లెక్కలో చిన్న మార్కెట్లు, అంతే. సెప్టెంబర్ 23న ఈ రెండు స్కూళ్ళే పుల్‌మన్‌లో తలపడ్డాయి, రెండూ ర్యాంక్‌లో ఉన్నవే, వాషింగ్టన్ స్టేట్ 38-35 గెలిచింది. ఎవరికీ అక్కర్లేదన్న రెండు టీమ్‌లు ఆడిన మ్యాచ్ అది, ఆ ఏడాది మంచి మ్యాచ్‌ల్లో ఒకటి.

నవంబర్ 25న ఆపిల్ కప్, అంటే వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్ మధ్య ఏటా జరిగే పోరు. 21-21, నిమిషం పైచిలుకు మిగిలుంది, వాషింగ్టన్‌కి ఫోర్త్ డౌన్, ఒక్క గజం కావాలి, అదీ తమ సొంత గోల్ లైన్‌కి 29 గజాల దూరంలోనే. అక్కడ ఫెయిలైతే అవతలివాళ్ళు ఊరికే నిలబడి ఫీల్డ్ గోల్ కొట్టేసే దూరం. కోచ్ కేలెన్ డిబోర్ బాల్‌ని రిసీవర్ (పాస్‌లు అందుకునే ఆటగాడు) ఒడూంజే చేతికిచ్చి పక్కనుంచి పరిగెత్తించాడు, 23 గజాలు. గ్రేడీ గ్రాస్ 42 గజాల ఫీల్డ్ గోల్‌తో టైమ్ అయిపోయింది, 24-21. గ్రాస్ అప్పటిదాకా స్కాలర్‌షిప్ లేకుండా ఆడుతున్న కుర్రాడు, లాకర్ రూమ్‌లో అందరి ముందూ డిబోర్ అతనికి స్కాలర్‌షిప్ ఇస్తున్నామని చెప్పాడు, ఆ వీడియో చూస్తే మీకే తెలుస్తుంది ఆ అరుపులు ఏంటో. వాషింగ్టన్ స్టేట్ వాళ్ళకి మాత్రం చాలా కష్టమైన రాత్రి, తమని వదిలి వెళ్ళిపోతున్న పొరుగువాళ్ళని ఓడించే ఛాన్స్ ఒక్క గజంలో పోయింది.

ఒరెగాన్ స్టేట్‌కి ఇంకో దెబ్బ. కోచ్ జొనాథన్ స్మిత్ అక్కడే చదివి అక్కడే క్వార్టర్‌బ్యాక్‌గా ఆడినవాడు, ఒరెగాన్ చేతిలో 31-7 ఓడిన మర్నాడే మిషిగన్ స్టేట్‌కి వెళ్ళిపోయాడు.

ప్రశ్న: చివరికి వాషింగ్టన్ నేషనల్ ఛాంపియన్ అయిందా?

జవాబు: ఒక్క మెట్టు దూరంలో ఆగింది. 2024 జనవరి 1న షుగర్ బౌల్‌లో టెక్సస్ మీద 37-31, పెనిక్స్ ఆ రాత్రి 430 గజాలు విసిరాడు, అదీ కాలేజీలో నాలుగు సీజన్‌లు గాయాలతో మధ్యలోనే పోగొట్టుకున్నవాడు. ఆఖరి బంతి వాషింగ్టన్ గోల్‌కి పదమూడు గజాల లోపు నుంచి టెక్సస్ విసిరితే ఎలైజా జాక్సన్ చెయ్యి అడ్డం పెట్టి కొట్టేశాడు. ఇది పైన ఆఫీస్ ప్రశ్న అడిగినవాళ్ళ టెక్సస్ కొలీగ్స్‌కి. ఎనిమిదో తారీఖు హ్యూస్టన్‌లో మాత్రం మిషిగన్ 34-13తో గెలిచింది, వాళ్ళ డిఫెన్స్ పెనిక్స్‌ని కుదురుగా నిలబడనివ్వలేదు, గెలవాల్సినవాళ్ళే గెలిచారు. నాలుగు రోజుల తర్వాత డిబోర్ అలబామాకి కోచ్‌గా వెళ్ళిపోయాడు.

ప్రశ్న: మా అమ్మాయి హైస్కూల్లో వాలీబాల్ బాగా ఆడుతుంది, వెస్ట్ కోస్ట్ యూనివర్సిటీల వైపు చూస్తున్నాం. ఈ మార్పుల వల్ల తనకేమైనా తేడా ఉంటుందా? ఇప్పుడు ప్యాక్-12 ఉన్నట్టా లేనట్టా?

జవాబు: ఫుట్‌బాల్ కుర్రాళ్ళు వారానికి ఒక్క మ్యాచ్ ఆడతారు, విమానం ఎక్కి దిగితే సరిపోతుంది. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ వాళ్ళకి వారంలో ఒకటికి మించి మ్యాచ్‌లుంటాయి, ఇప్పుడు సియాటిల్ నుంచి న్యూజెర్సీలో, అదే బిగ్ టెన్‌లో ఉన్న రట్గర్స్ యూనివర్సిటీకి వెళ్ళాలంటే రెండువేల మైళ్ళ పైన, మూడు గంటల టైమ్ తేడా, తిరిగొచ్చి పొద్దున్నే క్లాస్. డబ్బంతా ఫుట్‌బాల్ కోసం వచ్చింది, ప్రయాణం మాత్రం వీళ్ళ నెత్తిన పడింది. రిక్రూటింగ్ కోచ్‌తో మాట్లాడేటప్పుడు సీజన్‌లో ఎన్ని రోజులు క్యాంపస్‌లో ఉండరో, ఎన్ని క్లాసులు మిస్సవుతాయో, పోయిన ఏడాది షెడ్యూల్ చూపించమని అడగండి, మొహమాటపడొద్దు.

ప్యాక్-12 పేరు ఉంది. మిగిలిన రెండు స్కూళ్ళూ కోర్టుకెళ్ళి కాన్ఫరెన్స్ బోర్డు, ఆస్తులు తమ చేతికి తెచ్చుకున్నాయి, వెళ్ళిపోయేవాళ్ళు కూర్చుని దాన్ని పూర్తిగా మూసేయకుండా ఆపాయి. 2024లో, 2025లో ఇద్దరే సభ్యులు. 2026 నుంచి బోయిసీ స్టేట్, శాన్ డియాగో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, కొలరాడో స్టేట్, యూటా స్టేట్, టెక్సస్ స్టేట్ ఫుట్‌బాల్‌కి చేరేలా ఒప్పందాలు చేసుకున్నాయి, గొన్జాగా కూడా వస్తోంది కానీ వాళ్ళకి ఫుట్‌బాల్ టీమ్ లేదు. మీ అమ్మాయి లిస్టులో వాషింగ్టన్ స్టేట్, ఒరెగాన్ స్టేట్ కూడా పెట్టుకోండి.