అకార్డియన్ తోలు పట్టీలు పీకే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు కొన్న పాత 120 బేస్ (ఎడమచేతివైపు 120 బటన్లున్న) అకార్డియన్‌కి తోలు పట్టీలన్నీ పీకేసి కొత్తవి వేస్తానంటున్నావు. కాస్త ఆగు. చెడినవి ఏవో ముందు తేల్చుకో. బాగున్నవాటిని పీకితే పని పెరగడమే కాదు, శ్రుతి కూడా కదులుతుంది.

స్వరం పలికే సన్నటి లోహపు నాలుకే రీడు. ఒక్కో రీడు ప్లేటుకి రెండు రీడ్లు, బయటివైపు ఒకటి, ప్లేట్లు అతికిన చెక్క దిమ్మ (బ్లాకు) లోపలివైపు ఒకటి. బెలోస్ (గాలి తిత్తి) నెట్టినప్పుడు బయటిది పలుకుతుంది, లాగినప్పుడు లోపలిది. పలకని రీడు సందులోంచి గాలి పోకుండా మూసేదే తోలు పట్టీ. అది తన రీడుకి అవతలివైపు ఉంటుంది. అంచేత బయట కనిపించే పట్టీ నెట్టినప్పుడు మూసుకోవాలి, లోపల దాగినది లాగినప్పుడు మూసుకోవాలి.

ఏ రీడ్ల వరస పలకాలో మార్చే స్విచ్‌లలో క్లారినెట్ గానీ బసూన్ గానీ వేస్తే ఒక్క రీడే పలుకుతుంది. ఒక్కో స్వరాన్నీ మెల్లగా నెట్టి, లాగి విను. నెట్టినప్పుడు ఆలస్యంగా పలికినా, బుస్సుమని గాలి పోయినా బయటి పట్టీ లేచినట్టు. లాగినప్పుడైతే లోపలిది. పలికేముందు టప్‌మని చప్పుడొస్తే, బాగా వంకర తిరిగిన పట్టీ వచ్చి ప్లేటుకి కొట్టుకుంటోందన్నమాట. రెండువైపులా నీరసంగా ఉంటే తోలు జోలికి పోకు, ప్లేటు చుట్టూ మైనం పగిలిందేమో చూడు. పై కొసన చిన్న రీడ్లకి పట్టీలుండవు. ఊడిపోయాయనుకుని అతికించేవు!

రీడ్లు చేతికందాలంటే బెలోస్‌ని పెట్టెకి బిగించే పిన్నులు తియ్యాలి. అవి పీకేటప్పుడు కటింగ్ ప్లేయరు మూతికి టేపు చుట్టు. పిన్నుల్ని వరసగా ఒక థర్మకోల్ ముక్కకి గుచ్చి పెట్టు. ఏ చిల్లు పిన్ను ఆ చిల్లుకే పోవాలి.

బయటి పట్టీ కొద్దిగా లేస్తే మార్చనక్కర్లేదు. అతికిన మొదలుని గోటితో నొక్కిపట్టి, మిగతా భాగాన్ని వంకరకి ఎదురుగా రెండు వేళ్ల మధ్య నాలుగైదుసార్లు సాగదీస్తే దారికొస్తుంది. చెక్కలా బిగుసుకుపోయినదాన్ని మాత్రం తీసెయ్యాల్సిందే. నూనె రాసి మెత్తబరుద్దామనుకోకు. నూనె పట్టిన తోలు బరువెక్కి వేలాడుతుంది, దుమ్ము పట్టి ప్లేటుకి అంటుకుంటుంది.

కొత్త తోలుకి మద్రాసు పెరియమేట్ తోలు బజార్లో తిరుగు. చేతి తొడుగులకి వాడే పల్చటి గొర్రెతోలో మేకతోలో అడుగు. సన్న రీడ్లకి అర మిల్లీమీటరు మందం, లావు రీడ్లకి ఒక మిల్లీమీటరు దాకా. ముందు లాగి చూసి, తక్కువ సాగే దిక్కున పట్టీ పొడుగు వచ్చేలా కోయి. కొలతకి పాత పట్టీనే ఆధారం. అది లేకపోతే సందుకి అటూ ఇటూ ఒక మిల్లీమీటరు, కొసన ఒకటిన్నర మిగలాలి. పక్క రీడుకి గానీ బ్లాకు గోడకి గానీ తగిలితే స్వరం గరగరలాడుతుంది.

పాతదాన్ని పల్చటి బ్లేడుతో మొదట్లోంచి లేపు. మిగిలిన జిగురుని స్పిరిట్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడువు. తడి చాలు, కారకూడదు. కొత్తదాన్ని నూగువైపు ప్లేటుకి ఆనించి, రీడుకి రివెట్ ఉన్న కొసన మాత్రమే, నాలుగు మిల్లీమీటర్ల మేర అతికించు. స్పిరిట్‌లో చిక్కగా కరిగించిన చపడా లక్క అన్నిటికన్నా మేలు. ఫెవిక్విక్ వద్దే వద్దు. తోలులోకి ఇంకి రాయిలా చేస్తుంది, పైగా రీడు సందులోకి పాకుతుంది. లావు రీడ్ల పట్టీల వీపున సన్నటి స్ప్రింగు రేకు ఉంటే జాగ్రత్తగా తీసి, కొత్తదానికి మళ్లీ పెట్టు.

ఆరాక ప్లేటుని లైటుకి ఎదురుగా పెట్టి చూడు, పట్టీ అంచున వెలుతురు కనపడకూడదు. సూదితో కొస లేపి వదిలితే తిన్నగా వచ్చి పడుకోవాలి.

లోపలి పట్టీల కోసం బ్లాకు అడుగు చిల్లులోంచి టార్చి వేసి చూడు. మార్చాల్సివస్తే ప్లేటు ఊడదీయాలి, మళ్లీ మైనం పొయ్యాలి. అందుకే ఈ పని మొదటిసారి ఒక్క ప్లేటుతో సరిపెట్టుకో. మైనం అంటే నాలుగు పాళ్లు తేనెమైనం, ఒక పాలు రోజన్ (పైన్ చెట్టు గుగ్గిలం).

మద్రాసు ఎండలో కారులో వదలకు, మైనం మెత్తబడి ప్లేట్లు జారతాయి. వెల్లకిలా పడుకోబెట్టనూ వద్దు. ప్లేట్లు నేలవైపు తిరిగి సగం పట్టీలు వేలాడి అలాగే వంకరపోతాయి. బేస్ వైపు కాళ్ల మీద నిలబెట్టు. ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానలప్పుడు పెట్టెలో సిలికా జెల్ పొట్లాలుంచు, నెలకోసారి మార్చు.

శ్రుతి మాత్రం వెంటనే సరిచెయ్యకు. పట్టీలు సర్దుకునేదాకా ఒక వారం రోజూ వాయించి, తర్వాతే ఆకురాయి పట్టుకో.