హోలోకాస్ట్ అంటే హోమమా?

ప్రశ్న: నేను తిరుపతిలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలిని. నాజీల చరిత్ర చెబుతూ ‘హోలోకాస్ట్’ అనే ఆంగ్ల పదానికి ‘మారణహోమం’ అని అర్థం చెప్పాను. కార్తిక మాసంలో కపిలేశ్వరస్వామి గుడిలో జరిగే హోమాలు చూస్తూ పెరిగిన ఒక అమ్మాయి లేచి, ‘‘హోమం మంచిది కదా టీచర్, మనుషులను చంపడాన్ని హోమం అని ఎందుకంటారు?’’ అని అడిగింది. ఆ పిల్లకు ఏమని చెప్పాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఆ అమ్మాయి చాలా లోతైన ప్రశ్న వేసింది. ఆంగ్ల పదం విషయంలో ఎందరో యూదులు లేవనెత్తిన అభ్యంతరం కూడా ఇదే, ఎందుకంటే హోలోకాస్ట్ అన్న మాటకు మూలార్థం హోమమే.

గ్రీకులో ‘హోలోస్’ అంటే సమస్తం, ‘కౌస్తోస్’ అంటే కాల్చినది. మనం బజారులో కొనే కాస్టిక్ సోడాలోని ‘కాస్టిక్’ కూడా ఈ రెండో మాటకు చుట్టమే. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దిలో అలెగ్జాండ్రియాలో యూదుల ధర్మగ్రంథాలను గ్రీకులోకి తెచ్చే పని మొదలైనప్పుడు, ‘పైకి పోయేది’ అనే అర్థమున్న ‘ఓలా’ అనే హీబ్రూ మాటకు ఈ రెండూ కలిసిన పదాన్ని వాడారు. తక్కిన బలులలో కొంత భాగాన్ని మనుషులు తినేవారు కానీ, ఓలాలో మాంసమంతా బలిపీఠం మీద కాలి పొగగా పైకి పోవలసిందే. తిరుపతి పిల్లలకు ఈ తేడా చెప్పడం సులువు: స్వామికి నివేదించినది ప్రసాదంగా మన చేతికి తిరిగి వస్తుంది, గుండంలో వేసిన ఆహుతి తిరిగి రాదు.

తెలుగు బైబిలు అనువాదకులు ఈ అర్థంలో ‘సర్వాంగహోమము’ అన్నారు. భాషాశాస్త్రం ప్రకారం ‘సర్వ’, ‘హోలోస్’ ఒకే మూలం నుంచి పుట్టిన తోబుట్టువులు. సంస్కృతంలో సకారంతో మొదలయ్యే మాటలు కొన్ని గ్రీకులో హకారంతో మొదలవుతాయి, మన ‘సప్త’ అక్కడ ‘హెప్తా’ అయినట్లు. నాకు తెలిసినంతలో ఇంత చక్కగా అమరిన అనువాదాలు అరుదు.

ఆంగ్లంలోకి ఈ మాట లాటిన్, ఫ్రెంచి భాషల మీదుగా 13వ శతాబ్దిలో బలి అనే అర్థంతోనే చేరింది. 17వ శతాబ్ది నుంచి సంపూర్ణ వినాశనం అనే అర్థం పెరిగి, తరువాత పెద్ద అగ్నిప్రమాదాలకూ, అణుయుద్ధ భయానికీ అదే మాట వాడారు. నాజీ జర్మనీ, దాని సహచరులు చంపిన సుమారు 60 లక్షల మంది యూదుల విషయంలో అది ప్రత్యేక నామంగా స్థిరపడింది రెండో ప్రపంచ యుద్ధం ముగిశాకే.

అభ్యంతరం ఇక్కడే ఉంది. బలి అంటే దేవుడికి భక్తితో అర్పించేది. విషవాయువుతో, తుపాకులతో, ఆకలితో చంపిన పసిపిల్లలనూ ముసలివారినీ ఎవరు ఎవరికి అర్పించినట్లు? అందుకే ఎందరో యూదులు ‘షోవా’ అనే హీబ్రూ మాటను ఎంచుకున్నారు. దానికి అర్థం మహావిపత్తు; అందులో దేవుడి ప్రసక్తి గాని, అగ్ని ప్రసక్తి గాని లేదు.

మన మాటలకూ ఇదే చిక్కు ఉంది. ‘మారణం’ తంత్రశాస్త్రం చెప్పే షట్కర్మలలో ఒకటి, శత్రువు చావు కోరి చేసే క్రియ. ‘నరమేధం’లోని మేధం అశ్వమేధంలోని మేధమే. భారతంలో జనమేజయుడు సర్పజాతినంతా గుండంలోకి రప్పించిన సర్పయాగం ఒక జాతిని తుడిచివేయడానికి యజ్ఞరూపం ఇచ్చిన కథే కాబట్టి, ఈ ఊహ మనకు కొత్తది కాదు. అయితే ఆ యాగాన్ని ఆస్తీకుడు ఆపించాడన్న సంగతి కూడా పిల్లలకు చెప్పండి.

పత్రికలలో మారణహోమం అనే మాట రూఢి అయిపోయింది, దానిని తప్పనలేము. కానీ పాఠం చెప్పేటప్పుడు ‘యూదుల జాతినిర్మూలన’ అనడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అందులో చేసిన పని తప్ప వేరే అలంకారం లేదు. ‘జెనోసైడ్’ను కూడా రాఫెల్ లెమ్కిన్ ఇదే పద్ధతిలో కల్పించాడు. బంధువులెందరినో ఆ హింసలో పోగొట్టుకున్న ఆ పోలిష్ యూదు న్యాయవాది 1944లో అచ్చయిన తన గ్రంథంలో, జాతి అనే అర్థమున్న గ్రీకు మాటకు చంపడమనే అర్థమున్న లాటిన్ మాటను జోడించాడు. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందంలో నేరానికి పెట్టిన పేరు అదే.