థీసిస్ మొదలుపెట్టిన మేనకోడలికి

అమ్మడూ,

షుగర్ ఉన్నవాళ్లు ఆపరేషన్ తర్వాత వార్డులో ఎన్నాళ్లు ఉంటున్నారన్నది నీ థీసిస్ అని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నాకెంత గర్వంగా ఉందో! డేటా నార్మల్‌గా లేదని, అంటే సగటుకు అటూ ఇటూ సమానంగా గంట ఆకారంలో పరుచుకోలేదని, టెన్షన్‌తో తిండి మానేశావట. ముందు అన్నం తిను.

వార్డు రోజులు నార్మల్‌గా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. చాలామంది త్వరగా ఇంటికెళ్తారు, పుండు మానక కొందరు నెలలు పడుంటారు. అయినా నార్మల్‌గా ఉండాలని మనం కోరుకునేది రెసిడ్యువల్స్‌ని, అంటే మోడల్ అంచనాకీ అసలు రోజులకీ మధ్య మిగిలే తేడాల్ని, రోజుల్ని కాదు. వాటి ప్లాట్ గీసి చూడు. ఆ నెలల తరబడి ఉన్నవాళ్లను మిగతావాళ్లకు మరీ దూరంగా ఉన్న అవుట్‌లయర్లని తీసేశావో, ఊరుకోను! వార్డులోనే చనిపోయినవాళ్లకు రోజులు తక్కువ కనిపిస్తాయి, వాళ్ల లెక్క విడిగా చూపించు.

నా భయమల్లా ఒకటే. నా దగ్గర చదివిన ఓ పీజీ కుర్రాడు, నీలాగే చురుకైనవాడు, రోజులకు సహజ లాగ్ తీసి, షుగర్‌కీ దానికీ ఉన్న సంబంధాన్ని కొలిచే రిగ్రెషన్ చేశాడు. షుగర్ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ తేడా చూపే అంకె, కోఎఫిషియంట్, 0.18 వచ్చింది. 'షుగర్ ఉంటే 0.18 రోజులు ఎక్కువ' అని రాసేశాడు. వైవాలో ఎగ్జామినర్ అక్కడికక్కడే లెక్కగట్టి, "నాలుగు గంటల తేడా కోసం ఇంత థీసిస్సా?" అన్నాడు. వీడేమో పి విలువ 0.001 కన్నా తక్కువండీ అంటాడు! అసలు తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం కాకతాళీయంగా రావడానికి ఎంత అవకాశముందో చెప్పేది పి విలువ, అది తేడా ఎంతో చెబుతుందా? నిజానికి వాడి ఫలితం చిన్నది కాదు. 0.18ని లాగ్ నుంచి వెనక్కి మారిస్తే 1.2, అంటే దాదాపు 20 శాతం ఎక్కువ. పది రోజుల్లో వెళ్లాల్సిన మనిషి పన్నెండు రోజులుంటాడు. రెండు రోజుల కూలి పోతే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో వార్డులో తిరిగే నీకు నేను చెప్పాలా? ఆ నిష్పత్తి మామూలు సగటులది కాదు, లాగ్‌ల సగటును వెనక్కి మారిస్తే వచ్చే జియోమెట్రిక్ సగటులదని కూడా రాయాలి. కుర్రాడు ఆరోజు హాస్టల్‌కి వెళ్లకుండా మా ఇంటికొచ్చి కూర్చున్నాడు. తిట్టడానికి నోరు రాలేదు.

లాగ్ వద్దనుకుంటే మీడియన్ మీద, అంటే వరసలో సరిగ్గా మధ్యనున్న విలువ మీద, క్వాంటైల్ రిగ్రెషన్ చెయ్యి. కోయెంకర్, బాసెట్ 1978లోనే చెప్పిన పద్ధతి, జవాబు నేరుగా రోజుల్లో వస్తుంది. జవాబు ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చూపే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్‌కి, ఉన్న డేటాలోంచే మళ్లీ మళ్లీ నమూనాలు తీసే బూట్‌స్ట్రాప్ వాడు. మీ గైడ్ స్టాండర్డైజ్డ్ బీటా, అంటే తేడాను రోజుల్లో కాక స్టాండర్డ్ డీవియేషన్లలో (విలువలు ఎంత చెదిరాయో చెప్పే కొలత) చెప్పే అంకె, పెట్టమంటే పెట్టు, గొడవపడకు. కానీ నెలల తరబడి ఉన్న ఆ కొద్దిమందే స్టాండర్డ్ డీవియేషన్‌ని ఉబ్బిస్తారు కాబట్టి పక్కనే రోజుల్లో తేడా కూడా రాయి.

టేబుల్ తయారవగానే వాట్సాప్‌లో పంపు. అర్ధరాత్రైనా పర్లేదు, నాకెలాగూ నిద్ర పట్టదు.

మీ మావయ్య